ముగ్గు మీద నడక నేర్చిన బండి

ఇంతవరకూ నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. బడిపిల్లలకు కోడింగు, రోబోలు నేర్పే ఉద్యోగంలో నేను చేరింది మనుషులతో ఎక్కువ మాట్లాడక్కర్లేదనుకుని. ఈ ఉదయం చందానగర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు, నల్ల బండల మీద వాచ్‌మన్ భార్య వేసిన ముగ్గు తొక్కకుండా దాటుతుంటే అది గుర్తొచ్చి, రోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నన్ను వేసింది హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక సందులో ఉండే సర్కారు బడికి. మా తరగతికిచ్చిన గది అంతకుముందు విరిగిన బెంచీలది. మేం రావడంతో బెంచీలు వరండాలో పడి వానకు తడుస్తుండేవి. పెద్దమేడం వాటిని చూసినప్పుడల్లా ఒకసారి నన్నూ చూసేవారు. మొదటిరోజు పాఠం బాగానే చెబుతున్నాననుకుంటుండగా వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి, "మేడం, మీకు మీరే చెప్పుకుంటున్నరా, మాకు గూడ జర ఇనిపిస్తరా?" అంది. వాళ్లమ్మది మెట్రో స్టేషన్ కింద మిర్చీల బండి. గిరాకీని పిలిచి పిలిచి పదునెక్కిన గొంతు ఆ పిల్లది. ఆ రోజు నుంచి నా గొంతు కూడా కొంచెం కొంచెం పెరిగింది.

గీత వెంట తనంతట తాను నడిచే చిన్న బండి చేయాలనుకున్నాం. దాని అడుగున నలుపు తెలుపుల తేడా పట్టే రెండు సెన్సర్లు. మేం వాటిని కళ్ళనేవాళ్ళం. తెల్ల షీటు మీద నల్ల టేపు అంటించి నేర్పమని పుస్తకాల్లో ఉంటుంది. మా గదిలో ఉన్నవి నల్ల కడప బండలు, పిల్లల చేతుల్లో ఉన్నది ముగ్గుపిండి. వంపులతో సహా గీత క్షణాల్లో తయారైంది. కోడు రాసేముందు ఎవరో ఒకరు బండి కావాలని మా పద్ధతి. చెప్పులు విప్పి, గీతకు అటొక కాలూ ఇటొక కాలూ వేసి, బొటనవేళ్ళే కళ్ళనుకుని, కనబడింది పైకి చెబుతూ నడవాలి. రెండు కళ్ళకూ నలుపు కనబడితే నేరుగా పో. ఒక కంటికి తెలుపు తగిలితే అటు తిరుగు. చివర పిండితో నింపిన పెద్ద గడి ఇల్లు. రెండు కళ్ళకూ తెలుపు కనబడితే ఇల్లొచ్చినట్టే, ఆగి కూత పెట్టు. నెల తిరిగేసరికి చక్రాల నిండా పిండి పూసుకుని మా బండి కూతలు పెడుతూ ఇల్లు చేరడం నేర్చుకుంది.

అప్పుడే దగ్గర్లోని ఒక కంపెనీ వాళ్ళు బడుల పోటీ పెట్టారు. పెద్దమేడం నన్ను పిలిచి తేల్చేశారు: "ఆడ మీ బండి నడిస్తే రూం నీది. లేకుంటే బెంచీలది. ఇగ నన్ను అడగొద్దు."

ఏసీ హాలు, ప్రైవేటు బడుల పిల్లల మెడలో టైలు, నేల మీద తెల్లటి షీటు, దాని మీద నల్ల గీత. నల్ల గీత అని ముందే చెప్పారు, మా చెవుల్లో పడింది కూడా. కానీ గీతంటే తెల్లగా ఉంటుందని మా అందరి మెదళ్ళలో ఎంతగా పాతుకుపోయిందో! వెనక బెంచీ పిల్ల బండిని షీటు మీద పెట్టి మీట నొక్కింది. బండి అంగుళం కదలలేదు. అక్కడే నిలబడి, గర్వంగా, గెలిచినట్టు కూత పెట్టింది.

హాలంతా నవ్వింది. నాకు వెంటనే అర్థమైంది. జీవితంలో మొదటిసారి గొంతెత్తి అరవాలనిపించింది. కానీ టీచర్లు నోరు మెదిపితే ఆ బడిని పోటీ నుంచి తీసేస్తామన్నది అక్కడి నియమం. చూసేవాళ్ళను ఆపడానికి కట్టిన తాడు వెనకే నిలబడ్డాను. పక్కనే, మాతో వచ్చిన పెద్దమేడం నేల చూపులు చూస్తున్నారు.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. చెప్పులు విప్పింది. గీతకు అటూ ఇటూ కాళ్ళేసి షీటు మీద నిలబడి, మిర్చీలమ్మే గొంతుతోనే మొదలుపెట్టింది. "ఎడమ కన్ను, తెలుపు. కుడి కన్ను, తెలుపు. అంటే ఇల్లొచ్చింది." ఒక అడుగు వేసింది. "ఈడ గూడ ఇల్లే." ఇంకో అడుగు. "అయ్యో, గీ షీటంత ఇల్లే అనుకుంటున్నదే ఇది! ఇంట్ల ఉన్నది ఇగ యాడికి పోతది?"

ఈసారీ హాలు నవ్వింది, కానీ ఆ నవ్వు వేరు. పిల్ల లాప్‌టాప్ ముందు కూర్చుని తెలుపున్నచోట నలుపు, నలుపున్నచోట తెలుపు మార్చింది. బండి కదిలింది. వంపులన్నీ తిరిగి, చివరి నల్ల గడిలో ఆగి కూత పెట్టింది. ఆ రోజు ఒక్క వంపూ తప్పకుండా చివరిదాకా వెళ్ళింది మా బండొక్కటే. కప్పు అందుకుంటూ మా పిల్ల వేసిన కేక కింద రోడ్డుదాకా వినబడి ఉంటుంది. అందులో నా కేక కూడా ఉంది, నా పక్కన నిలబడ్డ వాళ్ళకు తెలుసు.

ఆ నెలాఖరుకే పెద్దమేడం రిటైరయ్యారు. మళ్ళీ కలవలేదు. ఆ తర్వాత మా గదిలో ముగ్గుగీతలు ఎన్నోసార్లు చెరిగాయి, ఎన్నోసార్లు పడ్డాయి. కాలం కూడా అంతేనేమో, చెరిపిన చోటే మళ్ళీ గీస్తుంది. రిటైరై వెళ్ళేరోజు ఆమె మా తరగతి గది తాళంచెవి నా చేతిలో పెట్టి గుప్పిట మూశారు.

"ఉంచుకో బిడ్డా. బెంచీలు నా ఆఫీసు రూంల ఏయించిన. కొత్త మేడం అడిగితే గట్టిగ చెప్పు, ఇప్పుడు నీకు గొంతొచ్చింది గదా!"