మలుపులో ఆరిపోయే ఇండికేటర్

తొంభైలలో ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నా స్కూటర్ కుడి ఇండికేటర్ ఒకసారి వెలిగేది, ఒకసారి వెలిగేది కాదు. బల్బు మార్చాను, దాన్ని మినుకుమనిపించే ఫ్లాషర్ మార్చాను. స్టాండు వేసి పదిసార్లు నొక్కితే పదిసార్లూ వెలిగింది. బాగైపోయిందన్న ధీమాతో మా ఆవిడను ఎక్కించుకుని బయల్దేరాను.

రింగ్ రోడ్డు మీద ఇండికేటర్ వేసే కుడికి తిరిగాను. వెనకే వస్తున్న బస్సు కీచుమంటూ మా ఆవిడ మోచేతికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "భాయీ సాబ్, ఇండికేటర్ తో దేదో" అన్నాడు, కనీసం ఇండికేటరైనా వెయ్యొచ్చుగా అని.

పక్కకు ఆపి నొక్కితే చక్కగా వెలుగుతోంది.

"ఇందాక హ్యాండిల్ తిప్పారు కదండీ. ఇప్పుడూ తిప్పి చూడండి," అంది మా ఆవిడ, దిగి వెనక నిలబడి.

తిప్పగానే ఆరిపోయింది. వంగి చూస్తే దసరా పూజకు ఆవిడ హ్యాండిల్‌కు కట్టిన బంతిపూల దండ తాలూకు దారం. పూలు రాలిపోయినా, పూజ దారం తెంచకూడదని అలాగే ఉంచేశాం. అది వైరుకు చుట్టుకుని, తిప్పినప్పుడల్లా లాగేస్తోంది.

"అమ్మవారికి నేను చెప్పుకుంటాలెండి, తెంపేయండి," అంది.

తెంపి, వదులైన వైరు బిగించాను. ఎటు తిప్పినా వెలిగింది. అప్పుడు గానీ ఇద్దరం ఊపిరి పీల్చుకోలేదు.

ఇప్పటికీ దసరాకు బండికి దండ కట్టాక, ఇండికేటర్ వేసి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాకే కొబ్బరికాయ కొడతాం.