కారణం రాయని చీటీలు

మలికిపురానికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరి చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట మేలు జరిగినా ఆదివారం కానుకతో పాటు ఒక చీటీ పెడతారు. ఆ మేలు ఏమిటో చీటీలో రాసి ఉంటుంది. పాస్టరు అయ్యగారు దాన్ని అందరి ముందూ చదువుతారు. సంఘమంతా ఆమేన్ అంటుంది. మర్యాదస్తులు ఏడాదికి ఒకటో రెండో చీటీలు వేసేవారు. ఆనందరావు మేష్టారి తల్లి కృపమ్మ వారం వారం వేసేది. పైకి చదివించని కృతజ్ఞత డబ్బాలో వెయ్యని ఉత్తరం లాంటిదని ఆవిడ నమ్మకం.

కృపమ్మకి అరవై ఏడేళ్ళు. కాపరానికొచ్చిన మర్నాటి నుంచీ తాతారావు గారి చేలో ఊడ్చి, కోసి, కొడుకుని టీచరు ట్రైనింగు దాకా చదివించింది. ఒక కోతల్లో వరి కంకి గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటికీ ఇప్పుడు శుక్లం కమ్మింది. ఎదురుగా నిలబడ్డది ఎవరో గొంతు వింటే తప్ప పోల్చుకోలేదు. అమలాపురం తీసుకెళ్ళి ఆపరేషను చేయించాలని ఆనందరావు అనుకోబట్టి రెండేళ్ళయింది. ఉన్న ఆ ఒక్కటీ పోతే? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి ప్రతిసారీ ఆగిపోయేవాడు. ఈలోగా కోతలని ఒకసారి, ఊడ్పులని ఒకసారి, ఇన్‌స్పెక్షనని ఒకసారి సాకులు దొరికేవి.

కృపమ్మకి చదువు రాదు. చీటీలు మనవరాలు రత్నం రాసేది. పదో తరగతి చదువుతున్న ఆ పిల్లకి డిక్టేషనులో ఎప్పుడూ తప్పులు రావు. మామ్మ ఏం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా రాసేది. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

1981 జనవరిలో గేదె ఈనింది. దాని చీటీ బాగానే ఉంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అయ్యగారు ఆరు కోడిగుడ్లతో వచ్చిన చీటీ విప్పి, కళ్ళజోడు సవరించుకుని, గొంతు తగ్గించకుండా చదివారు.

"ఆనందరావు మేష్టారికి మూలశంక నెమ్మదించి, గురువారం నుంచీ పీట మీద కూర్చుని అన్నం తింటున్నందుకు, తల్లి కృపమ్మ గారు."

ఆ రోజు వచ్చినంత పెద్ద ఆమేన్ క్రిస్మసుకి కూడా రాలేదు.

మర్నాడు బడిలో మేష్టారు కుర్చీలో కూర్చుంటూ ఉంటే నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. మధ్యాహ్నం తాతారావు గారే స్వయంగా బడికొచ్చారు. ఆయన చర్చి మొహం ఎరగరు గానీ ఊళ్ళో కబురుకి కులమతాలు లేవు. చేతిలో మట్టి వదలని కంద దుంప ఉంది.

"దీన్ని మించిన మందు లేదండి మేష్టారూ. పులుసు పెట్టించండి. మా బావగారు దీంతోనే లేచి తిరిగేరు."

"ఆయ్," అన్నాడు ఆనందరావు. దుంప రెండు చేతులా అందుకున్నాడు.

ఆ సాయంత్రమే చీటీలు రాసే పని కూతురి చేతిలోంచి తీసేసుకున్నాడు. పిల్లకి పబ్లిక్ పరీక్షలున్నాయన్నాడు. తల్లి చెబుతూ ఉంటే శ్రద్ధగా తలూపుతూ రాసేవాడు. రాసేది మాత్రం మూడే మాటలు, 'ఒక మేలు పొందినందుకు.' చదివేటప్పుడు కృపమ్మ చెవి రిక్కించి వినేది.

"అదేంట్రా, ఏ మేలో చదవలేదు అయ్యగారు?"

"ఆయనకి టైము చాలటం లేదమ్మా. అందరివీ క్లుప్తంగానే చదువుతున్నారు."

పక్కింటి నూకాలమ్మ చీటీ అప్పుడే అరపేజీ చదివి ముగించారు. కృపమ్మ మరి మాట్లాడలేదు. గొడవ వదిలిందనుకున్నాడు ఆనందరావు.

కుక్కిన పేనులా ఉండే ఊరైతే వదిలేదే. ఆ ఏడు మేళ్ళు కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ఇంటికి కరెంటు వచ్చింది. పెరట్లో కొబ్బరి మొక్క మొదటి గెల వేసింది. రత్నం సెకండు క్లాసులో పాసైంది. ఆనందరావు హెడ్మాస్టరయ్యాడు. అన్నీ 'ఒక మేలే' అయ్యాయి. చెప్పుకునే మేలైతే చెప్పేవారు కదా, చెప్పడం లేదంటే ఏదో ఉందని ఊరు తీర్మానించింది. మేష్టారికి లాటరీ తగిలిందన్నారు కొందరు. జొన్నాడ దగ్గర లంక భూమి కొన్నారన్నారు మరికొందరు. ఆడవాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. జూన్‌లో ఒకరోజు నూకాలమ్మ పుల్లమామిడికాయలు ఒళ్ళో పోసుకొచ్చి ఆనందరావు భార్య లీలావతి ముందు గుమ్మరించింది.

"ఎన్నో నెలండీ వదిన గారూ?"

లీలావతికి నలభై మూడేళ్ళు. ఆ మామిడికాయలతో ఆవకాయ పెట్టి, మొగుడితో మాత్రం నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజున, "మూలశంకే నయమండి. అది మీ ఒక్కరికే," అంది.

సెప్టెంబరులో అయ్యగారు ఇంటికి ప్రార్థనకొచ్చారు. సైకిలు అరుగుకి ఆనించి, గొడుగు హాండిలుకి తగిలించి లోపలికెళ్ళారు. కాసేపటికి వీధిలోంచి వచ్చిన కృపమ్మ సైకిలు ముందు ఆగి, చేతులు జోడించి, "వందనాలండి అయ్యగారూ, ఎంతసేపయ్యిందండి వచ్చి?" అంది. జవాబు రాకపోతే మళ్ళీ అడిగింది. మూడోసారి అడగబోయి, చెయ్యి చాపి తడిమి చూసుకుని, ఏమీ ఎరగనట్టు దొడ్లోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తున్న లీలావతి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆనందరావుకి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ తను జాగ్రత్త అనుకున్నది పిరికితనమని అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాడు. మర్నాడే సెలవు చీటీ రాసిచ్చాడు.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి, చేద్దామన్నారు. చూపొస్తుందా అని అడిగితే, చాలామందికి వస్తుందన్నారు. ఆ చాలామందిలో తన తల్లి ఉందో లేదో ఆనందరావు అడగలేకపోయాడు.

ఆపరేషను నాటి పొద్దున్న వరండా బెంచీ మీద కృపమ్మ కుదురుగా కూర్చుంది.

"కాయితం ఉందా అబ్బాయ్? చీటీ రాయి."

"ఇంకా ఏం జరగలేదు కదమ్మా."

"జరిగేదానికి కాదు. జరిగినదానికి. ఈ కన్ను ఉన్నా, పోయినా, నేను ఊరెళ్ళేక, నేను వింటుండగా చదివించాలి. ఒట్టి మేలు అని రాస్తే ఊరుకోను."

ఆనందరావు పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది.

"నేను మాట్లాడేది బారెడు, నీ పెన్సిలు చప్పుడు బెత్తెడు. కళ్ళు లేవు గాని చెవులున్నాయి కదరా. ఏడు నెలల్నించి వింటున్నాను."

"మరెందుకు అడగలేదమ్మా?"

"నీకు సిగ్గేస్తోంది కదా. బళ్ళో పదిమందికి చెప్పేవాడివి. నాకూ తెలుసు. అందుకే ఊరుకున్నాను. దేవుడికి ఇంట్లో విడిగా చెప్పుకున్నాన్లే. కానీ నలుగురిలో చెప్పుకోడానికి నాకింకేముందిరా? వాళ్ళ చేలు, వాళ్ళ మేడలు వాళ్ళు చెప్పుకుంటారు. నాకు నువ్వే కదా."

ఆనందరావు కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు. తర్వాత రాశాడు. గేదె, కరెంటు, కొబ్బరి గెల, రత్నం పరీక్ష, హెడ్మాస్టరు పని, అన్నీ కృపమ్మ వరసన చెప్పింది. ఈ ఒక్క కన్నూ ఇన్నేళ్ళు నిలిచినందుకని, దాంతో కొడుకు పలక పట్టుకుని బడికెళ్ళడం చూసినందుకని, అదే బడిలో కుర్చీలో కూర్చోవడం చూసినందుకని చెప్పింది. పెన్సిలు ఆగినప్పుడల్లా, "ఊఁ, రాయి," అనేది. మూలశంక దగ్గర పెన్సిలు కాస్త ఎక్కువసేపు ఆగింది. కానీ రాసింది. కాగితం రెండువైపులా నిండాక నర్సు వచ్చి ఆవిడని లోపలికి తీసుకెళ్ళింది.

కట్టు విప్పాక వెలుగూ, మనుషుల ఆకారాలూ తెలిశాయి. మిగతాది కళ్ళద్దాలతో చూద్దామన్నారు డాక్టరు. అందాకా ఆ చీటీ ఆనందరావు జేబులోనే ఉంది. దాన్ని కుదించాలనే బుద్ధి రెండుమూడు సార్లు పుట్టింది. తల్లి చెవినపడే పెన్సిలు చప్పుడు గుర్తొచ్చి మానేశాడు.

నలభై రోజులకి సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలిచ్చారు. కృపమ్మ వాటిని పెట్టుకుని, కొడుకుని కింద నుంచి పైదాకా చూసి, "ఆ సిరా మరకేంట్రా చొక్కా మీద? హెడ్మాస్టరువి, ఇలాగే తిరుగుతున్నావా ఊళ్ళో?" అని కేకలేసింది. ఆసుపత్రి వరండాలో అంతమంది ముందూ ఆనందరావు భోరున ఏడ్చాడు.

డిసెంబరు మొదటి ఆదివారం అయ్యగారు ఆ చీటీ మొత్తం చదివారు. అటూ ఇటూ తిప్పి, నీళ్ళు తాగి మరీ చదివారు. ఊరంతా పది నెలలుగా వెతుకుతున్న మేళ్ళన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. లాటరీ అన్నవాళ్ళు తలలు దించుకున్నారు. నూకాలమ్మ లీలావతి వైపు చూడలేదు. చిట్టచివర అంచున, అదే రాతలో, పెన్సిలుతో కాక సిరాతో ఒక వాక్యం ఉంది.

"మా అమ్మ నా చొక్కా మీద మరక చూసి తిట్టినందుకు, కొడుకు ఆనందరావు."

అయ్యగారు చీటీ మడిచారు. తర్వాత ఆమేన్ వచ్చింది. కృపమ్మ వెనక్కి తిరిగి, అద్దాలు సర్దుకుని, ఒక్కొక్క వరసే చూసింది. ఆమేన్ అన్నవాళ్ళెవరో, అననివాళ్ళెవరో ఆవిడకి రెండేళ్ళ తర్వాత మళ్ళీ కనిపిస్తోంది. చివరికి చూపు పక్కనే కూర్చున్న కొడుకు మీద ఆగింది.

"నువ్వు అన్లేదు," అంది.

ఆనందరావు లేచి నిలబడి, బడిలో హాజరు పిలిచేటంత గట్టిగా అన్నాడు.