జనవరిలో పుట్టిన పులి

ఆదివారం ఉదయం ఇంటావిడ టీలో పంది పడింది.

వెండి నాణెం మీది పంది. ప్లాస్టిక్ డబ్బీలోంచి ఆ నాణేన్ని తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పుతుంటే ఆవిడ వేళ్ళ సందునుంచి జారింది. అద్దాలాయన ఒక్క అంగలో వచ్చాడు. చెయ్యి కాలిందా అని ఆవిడని అడగలేదు. చెంచాతో పందిని బయటికి తీసి, అంచులు పట్టుకుని, మెత్తటి గుడ్డమీద అద్దాడు.

"రుద్దకూడదు, గీతలు పడతాయి" అన్నాడు, పందిని ఓదారుస్తున్నట్టు.

గుమ్మం దగ్గర నిలబడిన ఆయన భార్య కళ్ళు మూసుకుంది.

అద్దాలాయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ఏ వస్తువునైనా అంచులు పట్టుకుని ఎత్తడం అక్కడ అబ్బిన అలవాటు. ఇంట్లో కంచం కూడా అలాగే ఎత్తుతాడు. ఉన్నమాట అనెయ్యడం మాత్రం పుట్టుకతో వచ్చింది. జోడు వంకరగా ఉందని ఎవరైనా వస్తే, వంకర జోడుది కాదు, ముక్కుదని మొహం మీదే చెప్తాడు. అలాంటి మనిషికి చైనావాళ్ళు ఏడాదికో జంతువు పేరు పెట్టుకుని, ఆ బొమ్మతో అచ్చువేసిన వెండి నాణేలు పోగేసే పిచ్చి పట్టింది. తిరిగి తిరిగి వచ్చే ఆ పన్నెండు జంతువుల్నీ సంపాదించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. వచ్చినవాళ్ళనల్లా పుట్టినతేదీ అడిగి, నువ్వు కోతివి, నువ్వు పామువి అని తేల్చడం మొదలుపెట్టాడు. పంది అని తేలిన రోజు నుంచి భార్య వదినగారు ఈ గడప తొక్కలేదు.

అద్దాలాయన భార్య బట్టలు కుడుతుంది. మిషను వంటింట్లో, పొయ్యికి మోచేతి దూరంలో ఉంటుంది. ఎంత మంచి గౌను కుట్టినా ఉల్లిపాయ వాసనతోనే గడప దాటుతుంది. వాళ్ళు అద్దెకున్న మేడకి కింద వీధివైపు గది ఖాళీ అయినప్పటి నుంచి, షాపు పెట్టుకుంటాను ఇవ్వమని ఇంటావిడ చుట్టూ తిరుగుతోంది. మొన్నామధ్య నాణేల పెట్టెమీద ఏ ఏడుకి ఏ జంతువో రాసిన పట్టిక చూసి, "మీరు పులి, పిన్నిగారూ" అని ఒక మాట వేసింది. ఆ మాట పారింది. ఇవాళ ఆవిడ తన పులిని చూడ్డానికి, గది తాళంచెవి పట్టుకుని మరీ వచ్చింది.

"పంది సంగతి సరేగానీ, నా పులేది నాయనా?"

"మీరు పుట్టింది ఏ నెల, పిన్నిగారూ?"

"జనవరి."

ఆమె మొగుడి కాలు తొక్కింది. ఆయన కాలు పక్కకి జరుపుకున్నాడు.

"వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి ఒకటిన రాదండీ, మీరు పుట్టిన ఏడు ఫిబ్రవరిలో వచ్చింది. అంచేత మీరు ముందటేడు లెక్కలోకి వస్తారు. ముందటేడు ఎద్దు."

"ఎద్దా."

"ఎద్దంటే కష్టజీవి అని, పిన్నిగారూ" అంది ఆమె.

"నిన్నడిగానా అమ్మాయ్?"

తాళంచెవి సంచిలోకి వెళ్ళిపోయింది. ఈ మనిషిని చెయ్యి పట్టుకుని ఆ నాణేలతోపాటు డబ్బీలో పెట్టి మూత నొక్కేస్తే పీడా పోతుందనిపించింది ఆమెకి.

అంతలో కిందనుంచి ఇంటాయన అరుపు. "మోటారు ఎవరు ఆపారు? ట్యాంకు నిండిందని మీకు ఎవరు చెప్పారు?" ఆ గొంతుకి వీధిలో పోయే సైకిళ్ళు కూడా బ్రేకు వేస్తాయి.

లేవబోయిన ఇంటావిడకి ఏం తోచిందో, మళ్ళీ కూర్చుంది.

"మరి మా ఆయన? ఆయనా జనవరే. నాకన్నా పదకొండేళ్ళు పెద్ద."

అద్దాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టెవంక చూశాడు. వంటింట్లో మిషనువంక చూశాడు. ఇక ఈయన నోట్లోంచి డ్రాగనే ఊడిపడుతుంది, గది గోవిందా అనుకుంది ఆమె.

"కుందేలు" అన్నాడు.

ఇంటావిడ ఒక్క క్షణం నమ్మలేదు. కింద మళ్ళీ అరుపు వినిపించాక నవ్వడం మొదలుపెట్టింది. కుందేలు నాణెం అడిగి చేతిలోకి తీసుకుని, ఆ పొడుగు చెవులు చూసి ఇంకా నవ్వింది. పోతూ పోతూ తాళంచెవి టీ కప్పు పక్కన పెట్టి, "వస్తున్నా కుందేలూ, గోల చెయ్యకు" అంటూ మెట్లు దిగింది.

తాళంచెవి గుప్పిట్లో పడ్డాకే ఆమెకి అసలు కోపం వచ్చింది.

"ఆయన కుందేలయ్యాడు కాబట్టి బతికిపోయాం. ఇంకోటేదైనా అయితే? ఆ నాణేల్లాగే గీత పడకుండా దాచుకుంటారు మీ నిజాల్ని. నాకోసం ఒక్క అబద్ధం ఆడితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

పందిని డబ్బీలో పెట్టి, మూత నెమ్మదిగా నొక్కుతూ అద్దాలాయన అన్నాడు:

"ఆడానుగా, పులి ఆయనే."