ఉపవాసంలో నేను దాచిన మాత్ర

కైకలూరు నుంచి ఏలూరు వస్తున్న వ్యానులో ఒక పెద్దాయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. అవునో కాదో ఒక్క మాటలో చెప్పగలిగిన ప్రశ్న. నేను చెప్పలేదు. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. ఆ తర్వాత ఆయన కాలు పోయింది. మా చర్చి సంఘంలో చాలామందికి ఈ సంగతి ఇప్పటికీ మరోలా తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా భార్య పోయాక రెండేళ్ళు నేను ఏలూరులో ఆఫీసుకీ ఇంటికీ మధ్య తిరిగాను, అంతే. సాయంత్రం కర్రీ పాయింటు నుంచి రెండు పొట్లాలు తెచ్చుకుని టీవీ ముందు తినేవాణ్ణి. ఒళ్ళు పెరిగింది, షుగర్ వచ్చింది. ఆదివారం చర్చిలో అందరూ "వందనాలండీ" అనేవారు. నేనూ అనేవాణ్ణి. గుమ్మం ముందు చెప్పుల దగ్గర మొదలైన పలకరింపు ఆ చెప్పుల దగ్గరే అయిపోయేది.

నన్ను మళ్ళీ మనుషుల్లో పడేసింది మాస్టారే. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, మా సంఘ పెద్దల్లో ఒకరు. ఆయనకీ షుగరే, నాకంటే ఎప్పటిదో. ఒక ఆదివారం నా పొట్ట వంక అదోలా చూసి, "ఏవండీ, రేపు ఐదున్నరకి కాలువ గట్టు మీదకి రండి. రాకపోయారో, మీ ఇంటి ముందు నిలబడి విజిలేస్తాను" అన్నారు. ఆయన అన్నంత పనీ చేస్తారని తెలుసు కాబట్టి వెళ్ళాను.

"చేతులు ఊపాలండీ. జేబులో చేతులు పెట్టుకుంటే అది నడక కాదు, పెళ్ళిచూపులకెళ్ళడం."

"ఈ వయసులో నాకు పెళ్ళిచూపులేంటండీ మాస్టారూ!"

"అందుకేగా ఊపమంటున్నాను."

గట్టు చివర లాకుల దగ్గర ఆగి ఒళ్ళు సాగదీసేవాళ్ళం. అక్కడే నిలబడి ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆయనకు ఆ రెండూ వేరు కాదు. ఒళ్ళే మాట వినని మనిషికి మనసు మాత్రం ఎందుకు వింటుందనేవారు. ఆ నడకలో ఆరు నెలలు గడిచాయి. ఆ ఆరు నెలలూ నేను ఒంటరిగా లేను.

మా సంఘంలో ఈస్టరుకు ముందు శ్రమ దినాల్లో నలభై రోజులూ పగటిపూట ఉపవాసం ఉండే అలవాటు ఉంది. ఆ ఏడాది ఉపవాసానికి నేను పేరిచ్చాను. షుగర్ ఉన్నవాణ్ణి కాబట్టి ముందు తాడేపల్లిగూడెం వెళ్ళి ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఏలూరులో అయితే ఆసుపత్రిలో చర్చివాళ్ళెవరైనా కనిపిస్తారని భయం. ఆయన మాత్ర మార్చి, "పగలు వద్దు, సాయంత్రం భోజనంతో వేసుకోండి. కళ్ళు తిరిగితే వెంటనే ఉపవాసం ఆపెయ్యండి" అని గట్టిగా చెప్పారు. ఆ మాత్రల అట్టను నా బైబిలు సంచి జిప్పులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఈస్టరు తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నలభై రోజులు ఉపవాసం ఉన్నాననీ, ఒళ్ళు తగ్గిందనీ, షుగర్ అదుపులోకి వచ్చిందనీ చెప్పాను. అంతవరకూ నిజమే. ఎవరో వెనక నుంచి, "మాత్రల్లేకుండానేనాండీ?" అన్నారు. నేను నోటితో ఏమీ అనలేదు. వేలెత్తి పైకి చూపించాను. హాలంతా స్తోత్రాలు మోగిపోయాయి.

ఆ రోజు నా చెయ్యి పట్టుకోని మనిషి లేడు. ఆ వారం మూడిళ్ళ నుంచి కూర క్యారేజీలు వచ్చాయి. రెండేళ్ళుగా నన్ను దాటుకుపోయిన ఆడవాళ్ళు ఆగి, తమ భర్తల కోసం ప్రార్థన చెయ్యమన్నారు. నేను చేశాను. బాగుంది. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.

రెండు నెలలకు కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో ఉపవాస కూడిక జరిగింది. పాస్టరుగారు నన్ను ప్రత్యేకంగా తీసుకెళ్ళారు. చేపల చెరువుల మధ్య షామియానా. సాక్ష్యం చెప్పడం నాకది మూడోసారి. ఎలా వచ్చిందో తెలియదు, మాత్రలన్నీ తీసుకెళ్ళి కాలువలో విసిరేశానని నోటికి వచ్చేసింది. ముందు వరసలో కూర్చున్న మాస్టారు తలెత్తి నా వంక చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మాస్టారు నా పక్కన కూర్చున్నారు. ముందు సీట్లలో పాటలు పాడుతున్నారు. ఆయన గొంతు తగ్గించి, "ఏవండీ, నాకొక్కడికే చెప్పండి. నిజంగా ఒక్క మాత్రయినా వేసుకోలేదా?" అన్నారు.

సంచి నా ఒళ్ళోనే ఉంది.

"దేవుడికి అసాధ్యమేముందండీ మాస్టారూ" అన్నాను.

ఆయన తల ఊపారు. తర్వాత ఏలూరు దాకా కిటికీలోంచి చెరువుల వంక చూస్తూ కూర్చున్నారు.

ఆ మర్నాటి నుంచే ఆయన మాత్రలు మానేశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆయన ఎడమ మేజోడుకు రక్తం కనిపించింది. అడిగితే, "కొత్త బూట్లు కరిచాయండీ. నొప్పేం లేదు, మీరు నడవండి" అన్నారు. నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని ఆ జబ్బున్న నాకు తెలియాలి. తర్వాత రెండు వారాలు ఆయన గట్టు మీదకు రాలేదు. నేను చూడబోయేసరికి ఆసుపత్రిలో ఉన్నారు. ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు.

పాస్టరుగారూ నేనూ మంచం పక్కన నిలబడ్డాం. మాస్టారు పైకప్పు వంక చూస్తూ, "నా విశ్వాసం చాల్లేదండీ అయ్యగారూ. ఈయన అడిగితే దేవుడు ఇచ్చాడు. నేనడిగితే ఇవ్వలేదు" అన్నారు. అప్పుడు చెప్పాల్సింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకుని, చివర్లో ఆమెన్ అన్నాను.

కూతురు ఆయన్ను తాడేపల్లిగూడెం తీసుకెళ్ళిపోయింది. నేను ఒక్కణ్ణే గట్టు మీద నడిచేవాణ్ణి. లాకుల దగ్గర ఆగితే ప్రార్థన వచ్చేది కాదు. కొన్నాళ్ళకు అక్కడ ఆగడం మానేశాను.

క్రిస్మస్ ముందు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నగారు చర్చికి రానంటున్నారండీ. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే అర్హత తనకి లేదంటారు. బైబిలు కూడా తియ్యట్లేదు. మీరైనా వచ్చి చెప్పండి, మీ మాటంటే ఆయనకి గురి."

కాలు ఎలాగూ తిరిగి రాదు. ఈ నష్టం మాత్రం ఇంకా ప్రతిరోజూ జరుగుతోంది, అదీ నా వల్లే.

తర్వాతి ఆదివారం చర్చిలో లేచి, నేను మాత్రలు వేసుకున్నానని చెప్పేశాను. వెంటనే పాస్టరుగారు, "మన సహోదరుడి తగ్గింపు మనసు చూడండి! మాత్రను దీవించింది మాత్రం ఎవరండీ?" అన్నారు. మళ్ళీ స్తోత్రాలు. బయటకు వచ్చాక ఒకాయన నా భుజం తట్టి, సాక్ష్యం ఇంకా బలంగా ఉందన్నారు. నా నిజాన్ని కూడా వాళ్ళు అద్భుతంగా మార్చేసుకున్నారు. చెప్పాల్సిన చోట చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

సోమవారం సెలవు పెట్టి పాసింజరు ఎక్కాను. మాస్టారు వరండాలో కుర్చీలో కూర్చుని చేతుల వ్యాయామం చేస్తున్నారు. నన్ను చూసి, "ఏవండీ, పొట్ట మళ్ళీ వచ్చేసిందే! రండి, కూర్చోండి. నాకు డ్రిల్లులో సగం పని తగ్గింది. లెఫ్ట్ అంటే లేవక్కర్లేదు" అని నవ్వారు.

నేను కూర్చోలేదు. కూతుర్ని కూడా పిలవమన్నాను. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మాస్టారూ, నలభై రోజులూ నేను మాత్రలు వేసుకున్నాను. కాలువలో ఏమీ పారెయ్యలేదు. మీరు వ్యానులో అడిగినప్పుడు అవి నా ఒళ్ళో సంచిలోనే ఉన్నాయి. నలుగురూ నాతో మాట్లాడుతున్నారని, అది పోతుందేమోనని మీకు నిజం చెప్పలేదు. ఆసుపత్రిలో మీరు మీ విశ్వాసాన్ని తప్పు పట్టుకుంటుంటే కూడా నోరు తెరవలేదు. మీ విశ్వాసంలో లోపం లేదండీ. దేవుడు మిమ్మల్ని కాదనలేదు. మిమ్మల్ని మోసం చేసింది నేను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, అయినా మీ ఇద్దర్నీ అడుగుతున్నాను. నన్ను క్షమించండి."