ఎటూ ఖాళీ అయిన గుంట

చేపల గుంటను చేపలు బెదరకుండా కడగడం నాకు తెలిసినంత బాగా బెజవాడలో మరెవరికీ తెలియదని ఒకప్పుడు నాకు మహా గర్వం. ఆ గుంటను నాచేత ఎందుకు కడిగిస్తున్నారో గ్రహించేపాటి తెలివి మాత్రం లేకపోయింది. చేపలను వల లేకుండా పట్టడం నేర్చుకున్నవాణ్ణి, నేనూ వల లేకుండానే పట్టుబడ్డాను. ఈ సంగతి ఇన్నేళ్లూ నాలోనే దాచుకున్నాను. మొన్న ఉదయం మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేయకపోతే ఇంకా దాచుకునే ఉండేవాణ్ణేమో. మనవరాలు ఒక అద్దాల తొట్టీ, అందులోకి కాసిని రంగు చేపలూ కొని బల్ల మీద పెట్టి, హాస్టల్‌కి వెళ్లిపోయిందట. నీళ్లు పచ్చబడ్డాయట, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయట. "నీకీ విద్య వచ్చు కదరా తమ్ముడూ, ఓసారి వచ్చి పోరా" అన్నాడు ఎనభై దాటిన గొంతుతో. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాక, చేతిలో ఉన్న కాఫీ చల్లారిపోయేదాకా తాగడం మరచిపోయాను.

డెబ్బైలలో మాట. బి.కాం. గట్టెక్కి, ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చి వన్ టౌన్‌లో ఈ పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, నడిపే ఇనప కొట్లో గుమాస్తాగా చేరాను. తిండీ పడకా ఏలూరు కాలువ పక్కన పెద్దమ్మ ఇంట్లోనే. పెద్దనాన్న అప్పటికే దేవుడి దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన కాలువల మీద లస్కరుగా చేసేవారు, అంటే లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కనిపెట్టుకుని ఉండడం. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో చిక్కుకున్న చేపల కోసం జనమంతా గంపలతో దిగితే ఆయనా దిగేవారట. అందరి చేపలూ పొయ్యి మీదికి వెళితే ఆయన పట్టినవి పెరట్లోకి వచ్చేవి. వాటి కోసమే ఇటుకలు పేర్చి, నడుం లోతున గుంట కట్టారు. ఆదివారం ఆరాధన కాగానే బజారులో కొన్న చేపలతో పులుసు పెట్టుకుని లొట్టలు వేసే మా ఇంట్లో, ఆ గుంటలో చేపను తినాలన్న మాట కూడా ఎవరూ ఎత్తేవారు కాదు. వాటిలో ఒక ముసలి శీలావతి ఉండేది. ఎప్పుడో గాలం తగిలి దాని పెదవి చిరిగింది, ఆ గాలం తీసింది పెద్దనాన్నే. పెద్దమ్మ బియ్యం కడిగి ఆ నీళ్ల గిన్నెతో వెనక తలుపు తీస్తే చాలు, అది గట్టు దగ్గరికి వచ్చి చిరిగిన పెదవితో ఏదో చెప్పబోతున్నట్టు నోరు ఆడించేది. పెద్దమ్మ కూడా పెద్దనాన్నతో మాట్లాడినట్టే దానితో ఏదో అంటూ ఉండేది. మొగుడూ పెళ్లాల మాటల్లో దూరకూడదని నేను పక్కకు తప్పుకునేవాణ్ణి.

కాలువ కట్టేయబోయే ముందు ఏడాదికోసారి గుంట శుభ్రం చేసేవాళ్లం, కొత్త నీళ్లు అప్పుడైతేనే దొరుకుతాయి కాబట్టి. ముందురోజు చేపలకు మేత ఉండదు. ఎండ రాకముందే పని మొదలు. గుంట నీళ్లతోనే గోలేలు నింపాలి. చేపను చేత్తో ఎత్తకూడదు, బిందె ముంచి దాని దారికి అడ్డంగా పెడితే అదే ఈదుకుంటూ లోపలికి వస్తుంది. ఆ ఓపిక నాకుండేది కాదు. "అబ్బాయ్, నిన్నెవరైనా నిద్రలో కాలు పట్టి లాగితే ఊరుకుంటావా? దాన్ని రానీరా" అనేది పెద్దమ్మ. గోలెం మీద తడి గోనె కప్పాలి. సగం నీళ్లు, సగం బురద మాత్రమే తీయాలి, గోడల పాకుడు గీకకూడదు. కొత్త నీళ్లు చేపకు దెబ్బలా తగలకుండా గుడ్డ వేలాడదీసి దాని మీదుగా జారవిడవాలి. తర్వాతి ఉద్యోగంలో ఆఫీసరు ఎదుట నిలబడ్డప్పుడు కూడా నేను అంత భయభక్తులతో ఉండలేదు.

ఆ ఏడు అన్నయ్య గుంట మీద ఎక్కడలేని ప్రేమ కనబరిచాడు. అడుగున బీటలు పడ్డాయన్నాడు, ఈసారి పూర్తిగా తోడేస్తే సిమెంటు పూయిస్తానన్నాడు, నీళ్లు పోయడానికి కొట్లో కూలీలను పంపిస్తానన్నాడు. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "నాన్న మీద ఇంత ఇది ఉందని ఎప్పుడూ బయటపడలేదు చూశావా వెధవ" అని నాతో మురిసిపోయింది. నేను శనివారం సెలవు పెట్టుకుని మరీ దిగాను. ఒక్క పొలుసు రాలకుండా చేపలన్నిటినీ గోలేల్లోకి చేర్చి, గుంటను అడుగు కనిపించేదాకా కడిగాను. సాయంత్రం అన్నయ్య వచ్చి తొంగిచూసి, "భలే చేశావురా, నీ చెయ్యి పడితే ఇక తిరుగులేదు" అని నా వీపు తట్టాడు. ఆ రాత్రి నాకు గర్వంతో నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆదివారం. పెద్దమ్మా నేనూ చర్చి నుంచి రిక్షాలో వచ్చేసరికి సందులో ఎడ్లబండ్లు నిలబడి ఉన్నాయి. పెరట్లో గుంట సగానికి పైగా ఎర్రమట్టితో పూడిపోయింది. కొట్లోకి వచ్చే సరుకుకు గోడౌను చాలడం లేదట, ఇక్కడ రేకులు వేయిస్తాడట. పెద్దమ్మ చేతిలో బైబిలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అన్నయ్య మట్టి అంటిన చేతులు దులుపుకుంటూ, చాలా మామూలుగా, "ఎటూ ఖాళీ అయింది కదమ్మా, ఇక నీళ్లెందుకు?" అన్నాడు.

ఆమె కొడుకును ఒక్క మాట అనలేదు. నేనైనా అనవలసింది. ఆయన కొట్లో గుమాస్తాను, ఆయన ఇంట్లో అన్నం తింటున్నవాణ్ణి, నోట్లో ముద్ద ఉన్నవాడి మాట ఎలా బయటికి వస్తుంది? పెద్దమ్మ బైబిలు కిటికీలో పెట్టి, కొంగు బిగించి, ఎండిపోతున్న గోనెల మీద నీళ్లు చల్లింది. రెండు మూడు రోజుల్లో కాలువ కట్టేస్తారు, చేపలను అందులో వదిలితే జనం గంపల పాలవుతాయి. ఆ వేసవంతా గోలేలను వసారా నీడలో పెట్టుకుని, బావి నీళ్లు తోడి తేర్చి, కొంచెం కొంచెంగా మారుస్తూ ఆమె వాటిని కాచింది. పెద్దవి ముందు పోయాయి. ముసలి శీలావతి ఒక మధ్యాహ్నం పక్కకు ఒరిగిపోయింది. పిల్లులు తవ్వకుండా నిమ్మచెట్టు మొదట్లో లోతుగా పాతిపెట్టాను. పెద్దమ్మ పైన తట్టి తట్టి మట్టి సర్దింది. తొలకరికి కాలువలో నీళ్లు వచ్చేనాటికి మిగిలినవి గట్టి ప్రాణం గల జెల్లలు కొన్నే. బిందెను కాలువలో సగం ముంచి, అవి తమంతట తాము బయటికి వెళ్లేదాకా ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

గోడౌను లేచాక కూడా పెద్దమ్మ ఉదయం బియ్యం కడిగిన గిన్నెతో వెనక తలుపు తీసేది. ఎదురుగా రేకుల గోడ. గిన్నె పట్టుకుని కాసేపు నిలబడి, ఆ నీళ్లు నిమ్మచెట్టుకు పోసి లోపలికి వచ్చేది. తర్వాతి వేసవి ఆమె చూడలేదు. నేను వేరే ఉద్యోగం వెతుక్కుని వెళ్లిపోయాను. అన్నయ్యతో పండక్కీ పబ్బానికీ కలుసుకుంటూనే ఉన్నా, ఆ ఆదివారం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గోడౌనూ లేదు. ఆ స్థలంలో కట్టిన అపార్ట్‌మెంట్లోనే మూడో అంతస్తులో అన్నయ్య ఉంటున్నాడు. కిటికీలోంచి కాలువ కనిపిస్తుంది గాని, కట్టేసినప్పుడు గంపలతో దిగేవాళ్లెవరూ కనిపించరు. నిన్న అక్కడికి వెళ్లి, నేను కుర్చీలో కూర్చుని చెబుతూ ఆయనచేతనే అంతా చేయించాను. బకెట్‌లోకి పాత నీళ్లు తోడించాను, గ్లాసు ముంచి చేప తనంతట తాను వచ్చేదాకా ఆగమన్నాను. ఓపిగ్గా ఆగాడు. బుజ్జీ, చిట్టీ అని వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు, రావే రావే అని బతిమాలుకున్నాడు. బకెట్ మీద తడి తువ్వాలు కప్పాడు. సగం నీళ్లు ఉంచాలన్న మాట నేను చెప్పలేదు. చివరి చెంబు కూడా తోడించాను. అద్దాలు తళతళలాడాయి. ఆయన నీళ్ల కోసం చెంబు అందుకోబోతుంటే, నేను చాలా మామూలుగా అన్నాను.

"ఎటూ ఖాళీ అయింది కదన్నయ్యా, ఇక నీళ్లెందుకు?"

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వైపు చూడలేదు, తువ్వాలు కప్పిన బకెట్ వైపు చూశాడు. నలభై ఏళ్లకు పైగా నాలో నానిన మాట, అంటే కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

లేచి వెళ్లి, పాత నీళ్ల చెంబు ఆయన చేతికిచ్చి, తొట్టి అంచున గుడ్డ వేలాడదీశాను. ఆయన దాని మీదుగా నీళ్లు వదలడం మొదలుపెట్టాడు.

"అమ్మ ఇలాగే పోసేదారా?" అన్నాడు కాసేపటికి.

"ఇంకా మెల్లగా" అన్నాను.