తొమ్మిది కొండచిలువలు, ఒక తడిగుడ్డ

సూరత్‌లో ఖటోదరా మగ్గాల షెడ్డులో అంబదాస్ అనే మనిషి తొమ్మిది కొండచిలువలకు తొమ్మిది స్వెటర్లు నేశాడు. కరోనా వచ్చిన ఏడాది, డిసెంబరు నెలలో. నా కళ్లతో చూశాను.

సరే, స్వెటర్లు కాదు. నేయడమూ కాదు, కట్టడం. కళ్లతో చూసింది కూడా చాలావరకు ఫోనులోనే. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ అగాథా చెబుతుండేది, అబద్ధమాడితే పొద్దుగూకేలోగా సగమైనా వెనక్కి తీసుకోమని. సగం తీసుకున్నాను. మిగిలింది నిజం. కొండచిలువలు తొమ్మిదే. వాటికి వెచ్చదనం అంబదాస్ చేతి మీదుగానే అందింది. ఆ వెచ్చదనమే వాటి ప్రాణం మీదికి తెచ్చింది.

అంబదాస్‌ది సిరిసిల్ల దగ్గర ఒక ఊరు. పదిహేడో ఏట మేనమామ వెంట సూరత్ వచ్చాడు. దారపు కండెలు మోసే పనితో మొదలుపెట్టి మగ్గాల మాస్టర్ అయ్యాడు. మాస్టర్ అంటే మగ్గం ఆగిపోతే అందరూ కేకేసి పిలిచే మనిషి. ఇనుముకు చెవి ఆనించి ఏ పళ్లచక్రం అరిగిందో చెప్పేవాడు. కొనడమంటే అతనికి గిట్టదు. బజారులో ఏ వస్తువు చూపించినా "గిదేముంది సార్, మనమే చేసుకోవచ్చు" అంటాడు. మా ఇంటి తలుపు గడియ, చెప్పుల స్టాండు, మా ఆవిడ లలిత దేవుడి గూడు, అన్నీ మగ్గం విడిభాగాలతో పుట్టినవే. ఒకసారి మగ్గం మోటారుతో రుబ్బే యంత్రం చేస్తే, పప్పు నానకముందే ఇడ్లీలు తయారయ్యాయి. ఇందులోనూ సగం వెనక్కి తీసుకుంటున్నాను.

లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడి తోటివాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు. మగ్గాలు తుప్పు పట్టకుండా చూడమని సేఠ్ అడిగితే అంబదాస్ ఒక్కడూ ఆగిపోయాడు, షెడ్డు మూలనున్న గదిలో. భార్య సారక్క ఊళ్లో, ఇతను ఇక్కడ. రోజుకొక మగ్గాన్ని చేత్తో తిప్పి నూనె వేసేవాడు. చప్పుడు లేని షెడ్డులో నిద్ర పట్టడం లేదని అంటుండేవాడు. ఊరికే కూర్చోలేక, భటార్ రోడ్డులో మా అపార్టుమెంటుకు వచ్చి ఫ్యాన్లూ కుళాయిలూ బాగుచేసేవాడు.

అప్పుడు మా మనవరాలు నిఖిత మా దగ్గరే ఉండి ఆన్‌లైన్‌లో చదువుకునేది. దాని గదిలోనే ఈ తొమ్మిదీ ఉండేవి. బాల్ పైథాన్లు అంటారు, కొండచిలువల్లో పొట్టి రకం. అడవిలో పట్టినవి కావు, పెంపకంలో పుట్టినవి. విదేశీ జీవాలు ఎవరి దగ్గరుంటే వాళ్లు చెప్పుకోమని ఆ ఏడాది సర్కారు అడిగితే, నిఖిత మొదటి వారమే చెప్పుకుంది. అన్నిటికీ మిఠాయిల పేర్లు పెట్టింది. అన్నిటికన్నా పాతది, బంగారు మచ్చలది, ఘారీ. అవి వచ్చినప్పటి నుంచి లలిత ఆ గది గడప తొక్కలేదు.

డిసెంబరులో చలి దిగాక చిక్కొచ్చింది. ఈ పాములుండే డబ్బాలో వెనక భాగం ముప్పై రెండు డిగ్రీలుండాలి, ముందు భాగం చల్లగా ఉండాలి. ఎటు కావాలంటే అటు అవే జరుగుతాయి. చలి పట్టిందంటే తిండి మానేస్తాయి, ముక్కులో బుడగలొస్తాయి, ఊపిరాడక పోతాయి. నిఖిత డబ్బా కిందకొకటి చొప్పున పెట్టిన వేడి పట్టీల్లో మూడు మాడిపోయాయి. డబ్బాలన్నీ సొరుగుల్లా దూరే, వెనక వేడి తీగ పరిచిన రాక్ కావాలి. పూణెలో ఒకతను చేసి అమ్ముతాడు.

"మూడు వారాలు పడుతుందట తాతయ్యా. అయినా అదే బుక్ చేస్తా. టెస్ట్ చేసి పంపుతాడు. వేడి ఎక్కువైతే దానంతట అదే బంద్ అయిపోతుంది," అంది నిఖిత.

స్టూలెక్కి ఫ్యాను విప్పుతున్న అంబదాస్ అక్కడి నుంచే అందుకున్నాడు. "మూడు వారాలా? గీ చలికి అప్పటిదాంక ఉంటయా అవి? నాలుగు దినాలియ్యి బిడ్డా. నేను కడ్త."

"కాకా, ఇది చెప్పుల స్టాండ్ కాదు. లోపల జీవాలుంటాయి."

"మగ్గంల దారం గూడ గంతే. జర ఎక్కువ గుంజితే తెగుతది, జర తక్కువైతే ఏలాడ్తది. ముప్పై ఏండ్ల సంది గదే పని నాది."

"నీకు పాములంటే భయం కదా?"

"రాక్ కడ్త అన్న గని, పాములతోని కాపురం జేస్త అన్ననా?"

నిఖిత నవ్వింది గానీ ఒక షరతు పెట్టింది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్లు రెండుండాలి. ఒకటి తప్పితే రెండోది కరెంటు ఆపాలి.

"ఒక్క మగ్గానికి ఇద్దరు మాస్టర్లెందుకు బిడ్డా? కొట్లాడుకుంటరు!"

హజీరా ప్లాంటు కంట్రోల్ రూములో ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి, మనవరాలి పక్షం నేను మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. అతని మాట నచ్చి నవ్వేశాను. ఒక్కదానితో సరిపెట్టాం.

నాలుగు రోజులన్నాడు, నాలుగే పట్టింది. పాత పెట్టెల చెక్కతో మూడు వరుసలు, వరుసకు మూడు అరలు. డబ్బా దూరిస్తే పైన వేలు పట్టనంత కొలత. వెనక గాడి తీసి వేడి తీగ పరిచాడు. అట్టడుగు అర వెనక, వేడిని పసిగట్టే థర్మోస్టాట్ సెన్సర్ పెట్టి, డబ్బా లాగినప్పుడు కదలకుండా నూలు గుడ్డ పీలిక చుట్టి దారంతో బిగించాడు. నేత కులంలో పుట్టినవాడు, ఏది కట్టినా గుడ్డా దారమే. పీలిక కొస కిందికి వేలాడింది. కత్తిరించలేదు. మూడు రోజులు ఖాళీగా నడిపించి చూశాం. ముప్పై రెండు దగ్గర అంకె కదలలేదు. నిఖిత పూణె వాడికి వద్దని చెప్పేసింది.

వారం తిరక్కుండానే నిఖితకు జ్వరం వచ్చింది. మర్నాటికి లలితకూ నాకూ. మునిసిపాలిటీ వాళ్లు తలుపుకు కరోనా కాగితం అంటించారు. నిఖితకు ఊపిరి అందక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అంబులెన్సు ఎక్కుతూ మాస్కులోంచి అది అన్న మాట ఒక్కటే: "ఘారీకి నీళ్లు మార్చండి."

మేమిద్దరం మంచం దిగలేని స్థితిలో ఉన్నాం. మునిసిపాలిటీ వాళ్లను బతిమాలి, రాక్‌నూ తొమ్మిది డబ్బాలనూ టెంపోలో ఎక్కించుకుని అంబదాస్ తన గదికి తీసుకుపోయాడు. పోతూ ఫోను చేశాడు.

"సార్, ఒక్కటి సచ్చినా ఆ బిడ్డకు నా మొకం సూపియ్య."

ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోనులో మాతో మరో మాట చెప్పాడు, పిల్లకు ఏ చెడు కబురూ చెవిన పడనివ్వద్దని.

ఆ రోజు నుంచి మా ప్రాణాలు ఒక అంకె మీద వేలాడాయి. పొద్దున్నే అంబదాస్ థర్మోస్టాట్‌ను ఫొటో తీసి పంపుతాడు. దాన్ని నేను నిఖితకు పంపుతాను. అటు నుంచి ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది. మాట్లాడే శక్తి లేదు దానికి. చేతికి తొడుగులు, తలకు మంకీ టోపీ పెట్టుకుని, డబ్బాలను ఇనుప కొక్కెంతో లాగి నీళ్లు మారుస్తున్నాడు అంబదాస్. నాలుగు రోజులు ముప్పై రెండే.

నాలుగో రోజు సాయంత్రం సేఠ్ ఫోను చేశాడట. సోమవారం నుంచి రెండు మగ్గాలు నడుపుదామని. తొమ్మిది నెలల తర్వాత! మర్నాడు తెల్లవారగానే అంబదాస్ బకెట్ పట్టుకుని షెడ్డంతా నీళ్లు చల్లాడు. పొడిగాలికి దారం తెగుతుంది కాబట్టి నేల తడపడమే షెడ్డులో తొలి పని. సంతోషంలో చెయ్యి ఆగలేదు. తన గదిలోనూ చల్లాడు.

ఆ ఉదయం ఫొటోలో అంకె ఇరవై ఆరు.

"చలి పెరిగిందోయ్. ముప్పై ఆరుకు తిప్పు," అన్నాను నేను, జ్వరంలో, కంట్రోల్ రూము గొంతుతో.

"గట్లనే సార్."

ఈ తప్పు నాది. దీన్ని సగం కూడా వెనక్కి తీసుకోను.

మరో రెండు గంటలు గడిచాక ఇంకో ఫొటో వచ్చింది. ఇరవై అయిదు. తీగకు కరెంటు వెళుతోందని చెప్పే ఎర్ర దీపం ఆరడం లేదట. ఏమీ ఆలోచించకుండా నిఖితకు పంపేశాను. ఈసారి బొటనవేలు రాలేదు. "అన్నీ ముందుకెందుకొచ్చాయి?" అని వచ్చింది. ఫొటో మళ్లీ చూశాను. అంకె వెనక, మసక డబ్బాల్లో, నీడలన్నీ ముందు గోడకు అతుక్కుని ఉన్నాయి. ఇంకో మెసేజ్: "కాకాని వెనక చెయ్యి పెట్టి చూడమను." తర్వాత దాని ఫోను పలకలేదు.

వీడియో కాల్ చేశాను.

"అంబదాస్, డబ్బా లాగు. వెనక అడుగున చెయ్యి పెట్టు."

"కొక్కెం పెడ్త సార్."

"కొక్కేనికి వేడి తెలుస్తుందటయ్యా? చెయ్యి పెట్టు!"

తొడుగు తీశాడు. చెయ్యి లోపలికి వెళ్లినంత వేగంగా వెనక్కి వచ్చింది.

"అవ్వో! పెనం లెక్కున్నది సార్! నంబర్ ఇరవై అయిదే సూపిస్తున్నది గద!"

"ప్లగ్గు పీకు ముందు!"

పీకాడు. డబ్బాలు ఒక్కొక్కటే లాగి నేల మీద పెట్టాడు. ఎనిమిది తలలు లేచాయి, దారి వెతుకుతూ. అట్టడుగు వరుసలో ఘారీ లేవలేదు. ముందు మూలన చుట్ట విడిపోయి, తాడులా పడి ఉంది. అంబదాస్ రెండు వట్టి చేతులతో దాన్ని ఎత్తాడు. తొడుగుల సంగతి అతనికీ గుర్తులేదు, నాకూ లేదు.

"సార్, తల ఏలాడేసింది."

నాకు బాయిలర్లు తెలుసు. పాములు తెలియవు. "నీళ్లలో ముంచకు. తడిపి పిండిన గుడ్డ కప్పు, గాలి తగలనీ," అన్నాను, నిజమో కాదో తెలియకుండానే.

భుజం మీది తువ్వాలు బకెట్‌లో తడిపి పిండి, తడి నేల మీదే కూలబడి, పామును ఒడిలో పరుచుకున్నాడు. తెర మీద అతని మోకాళ్లూ, ఆ బంగారు మచ్చలూ తప్ప ఏమీ కనబడవు. గోడ పట్టుకుని లలిత వచ్చి నా వెనక నిలబడింది.

"కదిలిందా అండీ?"

"లేదు."

పది నిమిషాలు గడిచాయి. అంబదాస్ గొంతు మాత్రం వినబడుతోంది, చంటిపిల్లను లేపినట్టు. "లే తల్లీ. సోమవారం మగ్గాలు నడుస్తయి. సప్పుడు ఇంటవు. ఆ బిడ్డకు నేనేం జెప్పాలె? లేవే." పాములకు చెవులుండవని అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు?" అంది లలిత.

"లేదు."

"సార్!" తెర ఒక్కసారిగా ఊగింది. "నాలిక! నాలిక తీసింది సార్! మల్లొకసారి తీసింది!"

లలిత కుర్చీలో కూలబడి, నిఖిత గది తలుపు వైపు తిరిగి దండం పెట్టింది.

కారణం తర్వాత దొరికింది. ఫోను పట్టుకుని రాక్ వెనక్కి వెళితే కనబడింది. పీలిక కొస నేల మీది నీళ్లలో మునిగి ఉంది. తడి పైకి పాకి సెన్సర్‌ను చుట్టేసింది. తడిగుడ్డ చుట్టిన కూజా ఎలా చల్లబడుతుందో సెన్సర్ అలాగే చల్లబడింది. అది చలి చలి అంటుంటే తీగ కాలుతూనే పోయింది. పైన నా ముప్పై ఆరు.

అంబదాస్ పీలిక కొసను నీళ్లలోంచి తీసి పిండాడు.

"పూణెది కొంటే గిట్ల కాకపోవు సార్."

"అది వచ్చేలోగా చలికి పోయేవి."

"ఏమో. ఇద్దరు మాస్టర్లను పెడ్తె అయిపోవు. ఆ బిడ్డకు మీరు చెప్పకుండ్రి. ఇంటికొచ్చినంక నేనే చెప్త."

"అన్నీ బాగున్నాయి" అని నిఖితకు పంపాను. స్కానింగుకు తీసుకెళ్లారట, సాయంత్రానికి బొటనవేలు వచ్చింది.

పన్నెండు రోజులకు పిల్ల ఇల్లు చేరింది. రాక్ కూడా చేరింది. సెన్సర్‌కు గుడ్డ పోయి ఇనుప బిళ్ల వచ్చింది. పక్కన రెండో థర్మోస్టాట్ వెలుగుతోంది.

"ఇద్దరు మాస్టర్లేంటి కాకా?"

"ఒకడు లీవు పెడ్తే ఇంకోడుండాలె గద బిడ్డా."

అంతకుమించి చెప్పలేదు. ఏడాది ఆగాను, అతనే చెబుతాడని. చెప్పలేదు. అందుకే ఇదంతా రాసి, పోయిన ఆదివారం మా హాల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి చదివాను. అంబదాస్ మోచేతికి ఘారీ చుట్టుకుని ఉంది. ఈమధ్య అతనొస్తే అది అతని దగ్గరే ఉంటుంది.

నిఖిత అతని వైపు తిరిగింది. "కాకా, నిజమా?"

"అంత ఝూటే బిడ్డా. సార్‌కు జ్వరంల కలొచ్చింది. నేను నీళ్లు సల్లలే. పామును జిందగీల ముట్టలే." ఘారీ తలను మెల్లగా చొక్కా జేబు మీది నుంచి తప్పించాడు. "అసలు ఆ రాక్ నేను కట్టిందే కాదు. పూణె నుంచి కొన్నది."