నలభై అయిదు చుట్ల గొంతు

మా బావ పందిట్లో నన్ను అన్న మాట నేనింకా మర్చిపోలేదు. ఆయన మాత్రం పిడుగురాళ్లలో సున్నం బట్టీ పెట్టి బాగుపడ్డాడు, దాన్ని కొడుకులకు అప్పగించి ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాడు. నేను నరసరావుపేటలో ఆ మాటతోనే రిటైరయ్యాను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. ఊరి చివర బంగళాలో ఉండే ఒక తెల్ల దొరసాని సామానంతా అమ్మేసి వాళ్ల దేశం వెళ్లిపోతోందంటే, మా నాన్న కుర్చీల కోసం వెళ్లాడు. కుర్చీలు అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. ఉత్త చేతులతో రావడం ఇష్టం లేక ఒక పెద్ద గ్రామఫోను రికార్డు తెచ్చాడు. అట్ట మీద ఊదారంగు ముఖం, జుట్టు జారి ఏరైపోయింది, ఆ ఏట్లో ఎర్ర చేపలు. అక్షరాలు పొగలాగా మెలికలు తిరిగి ఉండేవి. కళ్లు చికిలించినా పేరు చదవలేకపోయాం. వెనక అట్టను చెదలు తినేశాయి.

మా ప్లేయరు మైకుసెట్లాయన వాడి వదిలేసినది. పక్కన ఒక పుల్ల విరిగి ఉండేది. అది ఎందుకున్నదో మేమెవ్వరం అడగలేదు. మా దగ్గర ఉన్నవన్నీ చిన్న చిన్న సినిమా రికార్డులు, అవి బాగానే పాడేవి.

ఈ రికార్డు పెట్టగానే ఒక అమ్మాయి పాడింది. ఇంగ్లీషులో నాకు అర్థమైన మాటలు నాలుగో అయిదో. గిటారు తేనెటీగలాగా జుమ్మని తిరిగేది. దాని వెనకాల ఆమె పరుగెత్తుతూ, ఊపిరి అందకపోయినా ఆగకుండా పాడేది. ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని అదే వినేవాణ్ణి. మా అమ్మ పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేది.

"ఏందిరా ఆ పిల్ల, పొయ్యి మీద పాలు పెట్టొచ్చినట్టు అంత కంగారుగా పాడతది?" అనేది.

నాకు ఆ కంగారే ఇష్టం. ఆమెకు ఇరవై ఏళ్లుంటాయనీ, సన్నగా ఉంటుందనీ నేనే అనుకున్నాను. ఇంకా చాలా అనుకున్నాను. అవి ఇక్కడ రాయను.

ఒక్కటే బాధ, కరెంటు. రోజుకు నాలుగుసార్లు తగ్గేది. తగ్గినప్పుడల్లా పళ్లెం నెమ్మదించి, ఆమె గొంతు బావిలోకి దిగినట్టు దిగి మొద్దుబారేది. అది వినలేక నేను పరుగున వెళ్లి ముల్లు ఎత్తేసేవాణ్ణి.

ఒకసారి మా అక్కను తీసుకెళ్లడానికి వచ్చిన బావ ఆ సమయానికి ఇంట్లోనే ఉన్నాడు. గొంతు దిగింది. ముల్లు దగ్గరికి నేను వెళ్లేలోపల ఆయన గట్టిగా నవ్వాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆడది కాదురా, మగాడు! ఇప్పుడు బయటపడ్డాడు చూడు!"

"కరెంటు తగ్గితే ఎవరి గొంతైనా అంతే" అన్నాను.

అంతటితో వదిలేస్తే నేనూ వదిలేసేవాణ్ణి. తర్వాత నెలలో మా అక్క కొడుకు అన్నప్రాసన. పందిట్లో రెండు బంతుల జనం ఆకుల ముందు కూర్చున్నారు. ఎవరో పెద్దాయన నా సంబంధాల సంగతి ఎత్తాడు. సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్న బావ ఆగి అందరికీ వినపడేట్టు అన్నాడు:

"మావాడికి చూడబాకండి మామా. వీడికి రికార్డులో ఒకామె కుదిరింది. చానా బాగా పాడతది. మీసాలున్నయ్యి, అంతే!"

రెండు బంతులూ నవ్వాయి. మా నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత ఏడేళ్లు, అంటే నా పెళ్లయిందాకా, చుట్టాల్లో నా పేరు మీసాలాయనే.

ఆ రోజు నుంచి బావతో నేరుగా మాట్లాడటం మానేశాను. "అక్కా, ఆయనకు మంచినీళ్లు కావాలేమో అడుగు" అనేవాణ్ణి, ఆయన ఎదురుగా ఉండగానే. ఆయన దానికీ నవ్వేవాడు. ఇంటికి సున్నం వేయిస్తూ సామాను వాకిట్లో పెట్టినప్పుడు రికార్డు ఎండకు అప్పడంలాగా వంకర్లు పోయింది. ఆ సున్నం వచ్చింది ఆయన బట్టీ నుంచే. అదీ గుర్తుంది నాకు.

మొన్న వానాకాలంలో, మోకాలి నొప్పికి వ్యాయామాల కోసం ఫోనులో వెతుకుతుంటే ఆ అట్ట కనపడింది. ఊదారంగు ముఖం, ఏరు, ఎర్ర చేపలు. ఎవరో దాన్ని మళ్లీ విడుదల చేశారట. ఇటువంటి మత్తుమత్తు పాటను సైకెడెలిక్ సోల్ అంటారట. ఇన్నాళ్లూ ఇది ఎక్కడుందని ప్రపంచంలో జనమంతా కింద రాస్తున్నారు. నరసరావుపేటలో ఉందని రాద్దామనుకున్నాను. ముందు విందామని నొక్కాను.

ఎవరో మగమనిషి పాడుతున్నాడు. నింపాదిగా, బరువుగా, నిద్రలేచి ముఖం కడుక్కోనివాడిలాగా. ఇంకేదో పెట్టారనుకున్నాను. రెండో పాటలో గిటారు జుమ్మంది, కానీ తేనెటీగలాగా కాదు, తుమ్మెదలాగా. అప్పుడు తెలిసింది. పెద్ద రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరగాలి, చిన్నది నలభై అయిదు. వేగం మార్చే పుల్లే మా ప్లేయరుకు విరిగిపోయింది. ఆరేళ్లపాటు నేను ఆ మనిషిని తరుముతూ పాడించాను.

వెనక అట్ట బొమ్మ కూడా పెట్టారు. పాడినవాడి ఫొటో ఉంది. మీసాలున్నాయి.

ఫోనులో వేగం పెంచవచ్చంటే పెంచి చూశాను. పాట పరుగెత్తింది, శ్రుతి మాత్రం పెరగలేదు, గొంతు మగవాడిదే. కరెంటు తగ్గినప్పుడు నేను వినలేక ముల్లు ఎత్తేసిన గొంతే అసలుదట. మిగిలినదంతా ఆ మూల గదిలో, ఆ విరిగిన పుల్ల దగ్గర పుట్టింది. ఇక ఆమె ఎక్కడా లేదు. మా అమ్మ లేదు, నాన్న లేడు. అక్క ఏనాడూ దాన్ని చెవిన పెట్టలేదు. ఆ గొంతు విన్నవాళ్లలో నేను కాక మిగిలినది ఒక్క బావ.

రెండు రోజులు ఆగాను. నాదే తప్పని ఆయనతో చెప్పడం కంటే మోకాలికి ఆపరేషన్ తేలికనిపించింది. మూడో రోజు ఫోను చేశాను. ఆయనే ఎత్తాడు.

"అక్కని పిలవమంటావా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"నీతోనే. ఆ రికార్డు... మగాడేనంట."

నవ్వుతాడని కాచుకుని ఉన్నాను.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఫొటో చూశా. నువ్వు చెప్పిందే నిజం. సంతోషమేగా?"

"నాకేం తెలుసురా! నిన్ను ఉడికిద్దామని అన్నా. కరెంటు తగ్గితే ఎవరి గొంతైనా అంతేనని నువ్వు చెప్పలా? నేనూ ఆడపిల్లే అనుకున్నా, ఇన్నేళ్లూ. చానా బాగా పాడేది. బట్టీ దగ్గర ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఆ పాటే పాడుకునేవాణ్ణి."

పందిట్లో మాటకు అది సమాధానం కాదు. ఆ మాట చెప్పాను కూడా. "సరేలే, అదీ చెప్పుకుందాం" అని, గొంతు సవరించుకుని, ఆ డెబ్బై అయిదేళ్ల మనిషి పల్లవి ఎత్తుకున్నాడు. మాటల్లేవు, ఉత్త రాగం. ఊపిరి అందని అదే పరుగు, అంత పైన.

"ఏందీ కూతలు ఈ వయసులో?" అని వెనక నుంచి మా అక్క అరిచింది.

"ఇంకొంచెం పైకి బావా, అక్కడ ఆమె ఆగదు" అన్నాను.

ఆయన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.